భువనగిరి ఎండల తోక కోటు

ఎండకాలంల మనిషికి కావాల్సింది మజ్జిగ గాదు, గొడుగు గాదు, కూలరైతే అసలే గాదు. టెయిల్ కోటు!

నవ్వకుండ్రి. ఖరాఖండిగ చెప్తున్న. నల్లటి కోటు. ముందట నడుముకాడికే కత్తిరించి, ఎనక మోకాళ్ల దాంక రెండు తోకలు యాలాడే కోటు. కాలరు రెక్కలకు సిల్కు మెరుపు. దాని లోపట చేతుల్లేని తెల్ల వెయిస్ట్ కోటు. దాని లోపట గంజి అంగి. గొంతుకాడ సీతాకోక రెక్కలసొంటి బో. ఎనకట సలి దేశాల దొరలు రాత్రి విందులకు పోయేటప్పుడు చేసుకున్న సింగారం. మరి మే నెలల భువనగిరిల మనం ఏసుకోవాల్సింది గూడ గదే గదా!

భువనగిరి సంగతి ఎరుకే గదా మీకు? గుట్టకు గుట్టే ఒక్క బండ. పొద్దంత ఎండను తాగుతది, పొద్దు గూకినంక తీరుబడిగ మన మీదికి ఊదుతది. గసొంటి ఊర్ల కోటు ఏసుకునుడు పిచ్చితనం అనేటోళ్లున్నరు. వాళ్లకు శాస్త్రం తెల్వదు. పట్నంల పెద్ద పెద్దోళ్లు పనిగట్టుకొని పోయి ఆవిరి స్నానం చేస్తాండ్రా లేదా? గా ఆవిరి మన అంగి లోపట్నే పుడుతాంటె ఇంకా ఏం కావాలె?

మొన్న మా మేనల్లుడు పరమేష్ రిసెప్షన్ల ఈ కోటు మహిమ కండ్లార జూసిన. జూసుడే గాదు, నేను గూడ తొడుక్కున్న. గందుకే ఇయ్యాల నా కాలమ్ మొత్తం కోటుకే రాసిస్తున్న.

ముందుగాల మా బావ గురించి చెప్పాలె. పేరు ఐలేశం. మా అక్క సుక్కమ్మ పెనిమిటి, పరమేష్ బాపు. రామన్నపేట పక్కపొంటి ఊర్ల గొర్లు కాస్తడు. తెల్ల పంచె, తలకు రుమాలు, చేతిల కట్టె. అక్క ఏది ఉతికి దండెం మీద ఆరేస్తే గదే ఆయన ఫ్యాషను. కొడుక్కు హైదరాబాద్‌ల ఇన్సూరెన్స్ ఆఫీసుల కొలువు. కోడలు భాగ్యశ్రీది కొత్తకోట. పెండ్లి కొత్తకోటల మన పద్ధతిలనే మంచిగ అయింది. బావ పంచె మీద పోయి పంచె మీదనే వచ్చిండు. ఎవలకూ తక్లీఫ్ కాలే.

తక్లీఫ్ లేకుంట అయితే అది ఫంక్షన్ ఎట్లయితది? గందుకే రిసెప్షన్‌కు విజేందర్‌ను మాట్లాడిండు పరమేష్.

విజేందర్ అంటె ఈవెంట్ మేనేజర్. ఒక చెవుల బ్లూటూత్, ఇంకో చెవుల గూడ బ్లూటూత్. మనం చెప్పేది పోనీకె జాగా లేదు. మా అక్కోళ్ల వాకిట్ల మంచం మీద కూసోని సెలవిచ్చిండు.

"థీమ్ లేకుంట రిసెప్షన్ ఏంది సార్? మనది వింటేజ్ ఈవినింగ్!"

"వింటేజ్ అంటె ఏంది బిడ్డా?" అని అడిగిండు బావ.

"పాత కాలంది అంకుల్. తాతల కాలంది."

"మా తాత గోశి పెట్టుకున్నడు. నన్ను గదే పెట్టుకొమ్మంటవా?"

విజేందర్ బ్లూటూత్ ఒత్తుకొని "హలో, హలో" అనుకుంట వాకిలి దాటిండు. సిగ్నల్ దొరకనట్టున్నది.

సమజైందా? పాతదాంట్ల గూడ రకాలుంటయి! మన తాత పాత ఉత్త పాత. దొరల తాత పాత వింటేజ్. గీ తేడా తెల్వకనే మనం ఇన్నేండ్లు ఎనకబడ్డం.

పెండ్లికొడుక్కు, వాని బాపుకు, మేనమామనైన నాకు, ముగ్గురికీ కోట్లు కుట్టియ్యాలని తీర్మానమైంది. భువనగిరిల ఇస్రాయేలు దుకాణంల బట్ట ఇచ్చినం. ఇస్రాయేలు బడి పిల్లల యూనిఫాంలు కుడ్తడు, క్రిస్మస్‌కు సూట్లు కుడ్తడు. ధైర్యవంతుడు. విజేందర్ పంపిన ఫోటో ఫోన్ల జూసి, "గింతేనా? నాకిడిసిపెట్టుండ్రి" అన్నడు. ఫోటోల దొర మన దిక్కు తిరిగి నిలబడ్డడు. ఎనక ఏమున్నదో ఇస్రాయేలుకు కనవడలే.

"ఎనక తోకలుంటయి" అని నేనే చెప్పిన.

"తోకలెందుకన్నా?"

"గుర్రం ఎక్కినప్పుడు ఆ పక్కకొకటి ఈ పక్కకొకటి పడాలెనట."

"గుర్రమేది?" అన్నడు బావ.

"గుర్రం లేదు బావా. తోకలే."

"నయమే. మేత పెట్టే పని లేదు" అన్నడు బావ. తర్వాత బట్టను వేళ్ల నడుమ రుద్ది జూసిండు. ఉన్ని ఎరిగిన మనిషి. "ఇది ఏ గొర్రెదిరా ఇస్రాయేలూ?"

"గొర్రె గూడ లేదన్నా. పాలిస్టరు."

గుర్రం లేకుంట తోక, గొర్రె లేకుంట ఉన్ని! జీవహింస లేని ఇసొంటి బట్ట ఇంకోటి ఉన్నదా చెప్పుండ్రి?

ఇగ కుట్టు పనితనం వినుండ్రి. ఈ కోటుకు ముందట గుండీలుంటయి గని పెట్టుకోరాదు. రెండు పక్కలు ఎప్పటికీ కలవయి. గుండీలు ఉత్త సోకుకే. ఎంత గొప్ప బుద్ధి! మనిషి పొట్ట ఎంతన్న పెరగనీ, కోటుకు పట్టింపే లేదు. పొట్టను అంత మర్యాదగ చూసుకునే బట్ట నేనింకోటి జూడలే.

ప్యాంటుకు బెల్టు పట్టీలుండయి. భుజాల మీదికెల్లి సస్పెండర్లు ఏసి గుంజాలె. ప్యాంటు బొడ్డు దాటి ఛాతి దిక్కు పోతది. భుజాలెగరేస్తే ప్యాంటెగురుతది. కాళ్ల పక్కపొంటి నిలువున మెరిసే పట్టీ ఉండాలె. ఇస్రాయేలు కాడ గా పట్టీ లేదు. బడి పిల్లల ఆటల ప్యాంటుకు ఏసే పట్టీ ఉండె. గదే ఏసిండు. దొరతనానికి దొరతనం, కబడ్డీకి కబడ్డీ!

అంగికి గుండీలుండయి, కాజాలే. గుండీల జాగల స్టడ్లని ముత్యాలసొంటివి గుచ్చాలె. బజార్ల అడిగితే నన్ను సైకిల్ దుకాణానికి తోలిండ్రు. ఆఖరికి మా అక్క తన పాత కమ్మలు తెచ్చి, ఎనక మర బిగించింది. అక్క చెవుల మెరవాల్సినయి బావ ఛాతి మీద మెరిసినయి. ఆడ మగ సమానమని మీటింగులు పెట్టేటోళ్లు ఒక్కపారి ఈ అంగి తొడుక్కొని జూడాలె!

గా అంగి ముందటి భాగం అట్ట లెక్క ఉండాలె. అక్క బియ్యం గంజిల ముంచి ఎండకేసింది. మన ఎండ సంగతి ఎరుకే. అంగి తీసి గోడకు ఆనిస్తే తనంతట తనే నిలబడ్డది. పక్కింటి ముసలాయన పోతపోత, "ఏం ఐలేశం, బాగేనా?" అని అంగిని పలకరిచ్చి పోయిండు. మనిషి లేకున్నా మర్యాద దక్కే బట్ట ఇది!

అన్నిటికంటె ముఖ్యం బో. తోక కోటు మీద తెల్ల బో కడ్తే దొర, నల్ల బో కడ్తే దొరకు వడ్డించేటోడు. పాత లెక్క గదేనట, నేను ఇంటర్నెట్ల చదివిన. మా అక్కకు గూడ చెప్పిన. ఆమె ఒప్పుకోలే.

"తెల్లదైతే మటన్ కూర మరక పోతదా తమ్మీ? నల్లదే కుట్టమను."

ఉతికేటోళ్ల మాట మీద అప్పీలు లేదు. ముగ్గురికీ నల్ల బోలే.

బావ అడిగింది ఒక్కటే. "నా వక్కల సంచి యాడ పెట్టుకోవాలెరా?" ప్యాంటుకు జేబు పెడ్తే గీత వంకర పోతదని ఇస్రాయేలు జేబులు పెట్టలే. బావ అలిగిండు. ఆఖరికి రెండు తోకల లోపట రెండు లోతు జేబులు కుట్టిచ్చినం. దొరల కోట్లకు గూడ జేబులు తోకలల్లనే ఉంటుండెనట. కూసుంటె జేబుల ఏమున్నదో ఎంటనే తెలిసిపోతది, చెయ్యి పెట్టి దేవులాడే పని లేదు.

కుట్టు అయినంక బావ కోటు ఏసుకొని గొర్ల దొడ్లెకు పోయిండు. గొర్లు గుర్తు పట్టలే. బెదిరి మూలకు పోయినయి. ఒక్క మేక మాత్రం ఎనక నుంచి వచ్చి తోక నోట్లె పెట్టుకున్నది. జర నమిలింది, ఉమ్మేసింది. పాలిస్టరని దానికి గూడ తెలిసింది.

రిసెప్షన్ దినం రానే వచ్చింది. గుట్ట కింద హాలు. హాల్ల ఏసీలున్నయి, పొగ మిషన్ గూడ ఉన్నది. జనరేటర్ రెండింటినీ మోయదు. విజేందర్ పొగ దిక్కే మొగ్గిండు. చల్లగాలి ఫోటోల పడదు గదా!

స్టేజీ కింద నేల మీద టేపుతోని ఒక ఇంటు మార్కు ఏసిండు. "అంకుల్, మీరు ఈ మార్కు మీదనే ఉండాలె. నవ్వాలె. అటిటు పోవద్దు, ఫ్రేమ్ ఖరాబైతది" అని బావను నిలబెట్టిండు. పక్కన నన్ను నిలబెట్టిండు. అక్కను స్టేజీ మీది సోఫా ఎనక పూలల్ల నిలబెట్టిండు. చేమంతులల్ల అక్క మొఖమొక్కటే కనవడుతాంది.

కొత్తకోట సుట్టాలు బస్సు దిగి లోపటికి వస్తాండ్రు. బావకు కాళ్లు ఆగుతలేవు. ఇంటికి మనిషి వస్తె ఎదురుబోవుడు ఆయనకు శ్వాస లెక్క. ఒక అడుగు ముందటికేసిండు.

"అంకుల్, మార్కు!"

ఎనకకు జరిగిండు. ఇంకో గుంపు వచ్చింది. మల్ల అడుగేసిండు.

"అంకుల్, మార్కు!"

బావ నా చెవుల అడిగిండు. "బామ్మర్దీ, మన కాడికి వచ్చినోళ్లను ఎవలు అర్సుకుంటాండ్రురా?"

"కేటరింగోళ్లు బావా."

"వాళ్లకు ఎవలు ఎవలో తెలుస్తదా?"

నవ్వే డ్యూటీల ఉన్న గదా, నవ్విన.

గా కేటరింగోళ్లు ఎట్లున్నరు? నల్ల కోటు, తెల్ల అంగి, నల్ల బో! తోకలొక్కటే తక్కువ. విజేందర్ డ్రోన్ జూసి వస్తనని బయటికి పోయిండో లేదో, కేటరింగ్ సూపర్‌వైజర్ మా మీదికి గయ్యిమని లేచిండు.

"ఏయ్ పెద్దమనిషీ! ఈడ నిలబడి పండ్లికిలిస్తున్నవేంది? ఆడ మటన్ కాడ మనిషి లేడు. నడువ్!"

ఈయన పెండ్లికొడుకు బాపు అని చెప్పనీకె నోరు తెరిచిన. బావ నా కాలు తొక్కిండు. ఆయన మొఖం జూడాల్సి ఉండె మీరు! తాడు తెంపుకున్న లేగదూడ లెక్క ఉరికిండు, తోకలు రెండూ ఎనక ఎగురుకుంట.

నేను ఎనకనే పోయిన. మటన్ బగోని ముందట నిలబడి బావ గంటెల నిండ నింపి పోస్తాండు. సూపర్‌వైజర్ జూసిండు.

"ఓ, ఓ! మనిషికి రెండు ముక్కలే! గట్ల పోస్తున్నవు, నీ అబ్బ సొమ్మా?"

"మా అబ్బది గాదు. నాదే" అన్నడు బావ.

అబద్ధమాడలే. గా బగోనిల ఉడికిన గొర్లు ఆయన దొడ్లెవే.

సూపర్‌వైజర్‌కు సమజు గాలే. ఎండకు మతి పోయిందనుకొని ఇంకో దిక్కు పోయిండు. ఇగ బావను పట్టేటోడు లేడు. ఒక్కొక్కల కాడికి పోతాండు, "తిన్నవా?" అంటాండు. "ఇంకో ముక్క పెట్టుకో పెద్దమ్మా" అంటాండు. "పిల్లకు కారమైతదేమో, పెరుగన్నం తెస్త" అంటాండు. తోకల జేబులల్ల నీళ్ల బాటిళ్లు పెట్టుకొని పంక్తుల నడుమ తిరుగుతాండు. చెమట ధారలు గట్టింది. అయినా ఎప్పుడూ గంత సంబురంగ లేడు.

కొత్తకోట దిక్కు పెద్దామె హనుమమ్మ, పిల్ల నాయినమ్మ, బావను చెయ్యి పట్టి ఆపింది. పెండ్లిల ఆయనను పంచె మీద, రుమాలు మీద జూసింది. ఈ కోటుల యాడ గుర్తు పడ్తది?

"ఓ బిడ్డా, జర పెరుగు తేరాదు."

"తెస్తనమ్మా. అరిగేటట్టు ఎల్లిగడ్డ కారం గూడ తేవాల్నా?"

పెరుగు పోసి పోయినంక ఆమె పక్కామెతోని అంటాంది. "ఈ కేటరింగాయన ఎంత మంచోడే! అందర్నీ పేరు పేరున అడుగుతాండు. మేం వచ్చి గంటయింది, మా వియ్యంకుడే మొఖం గూడ చూపెట్టలే."

గా మాట నేను విన్న. అటే జూసుకుంట నిలబడ్డ. ఎవలో నా చేతిల ఎంగిలి ప్లేటు పెట్టి పోయిండ్రు. నేను గూడ డ్యూటీలకు దిగిన.

స్టేజీ మీద పరమేష్ పరిస్థితి వేరే. గంజి అంగి కాలరు కొనలు రెండూ దవడలకు గుచ్చుకుంట ఉన్నయి. మెడ తిరగదు. పొగల కండ్లు మండుతున్నయి. పక్కన ఒక నల్ల కోటు చెయ్యి కనవడ్డది.

"అన్నా, జర నీళ్లు తేరాదు" అన్నడు, మొఖం జూడకుంటనే.

నల్ల కోటు చెయ్యి తోకల జేబులకెల్లి బాటిల్ తీసింది. మూత తీసింది. "తాగు బిడ్డా."

గొంతు గుర్తు పట్టిండు. మెడ తిరగదు గదా, మొత్తం మనిషే తిరిగిండు.

"బాపూ?"

"పొద్దుగాల నుంచి ఏమన్న తిన్నవా?"

"లే బాపూ. తింటె వెయిస్ట్ కోటు పట్టదని విజేందర్ తిననియ్యలే" అన్నడు పరమేష్.

"పిల్ల?"

"నేను గూడ తినలే మామయ్యా" అన్నది భాగ్యశ్రీ మెల్లగ.

"బాపూ, నేను నిన్ను... కేటరింగాయన అనుకున్న."

"అనుకుంటె ఏమైంది? నీళ్లయితె వచ్చినయి గదా."

పరమేష్ మొఖం తడిసింది. చెమటనో, ఇంకేందో, నేను జూడలే. గంజి అంగి మీద రెండింటికీ ఒక్కటే మరక పడ్తది.

"నడువుండ్రి" అన్నడు బావ. కొడుకు ఎనక నిలబడి వెయిస్ట్ కోటు పట్టీ సడలిచ్చిండు. "హుఫ్" అని ఊపిరి ఇడిసిండు పరమేష్. ముగ్గురూ స్టేజీ దిగిండ్రు. చేమంతులల్లకెల్లి మా అక్క గూడ బయటపడ్డది. కొత్తకోట పంక్తిల కూసున్నరు, బావ మల్ల గంటె పట్టిండు.

మరి స్టేజీ? ఏం గాలే! లైన్ల ఉన్నోళ్లు లైన్లనే ఉన్నరు. ఒక్కొక్కలు ఎక్కుతాండ్రు, ఖాళీ సోఫా మీద అక్షింతలేస్తాండ్రు, సోఫా పక్కపొంటి నిలబడి ఫోటో దిగుతాండ్రు, దిగిపోతాండ్రు. పిల్ల పిల్లగాడు ఏరని అడిగినోడు ఒక్కడు లేడు. ఫోటోగ్రాఫర్ గూడ "స్మైల్" అనుకుంట తీస్తనే ఉన్నడు.

ఇక్కడ పంక్తిల భాగ్యశ్రీ, "మామయ్యా, జర పప్పు" అన్నది. హనుమమ్మ చెయ్యి నోటికాడ ఆగిపోయింది.

"ఏమన్నవే? మామయ్యనా?"

"మా మామయ్యే గద నాయినమ్మా."

"ఓరి నా కొడుకా! ఇంతసేపు వియ్యంకునితోని పెరుగు పోయించుకున్ననా!" అని ఆమె నవ్వింది సూడుండ్రి, హాలంత ఇటు తిరిగింది. లేచి బావ చేతిల గంటె గుంజుకున్నది. "కూసో నువ్వు. నీ మొఖం ఎండిపోయింది. ఎవలన్న నిన్ను అడిగిండ్రా అసలు? నేను వడ్డిస్త."

బావ తోకలు రెండూ ఒళ్లె పెట్టుకొని కూసున్నడు. ఆమె పోసింది, ఆయన తిన్నడు.

గప్పుడొచ్చిండు విజేందర్. "అంకుల్! మార్కు!" అని అరవబోయి ఆగిండు. మార్కు మీద మనిషి ఉన్నడు గదా! తిరిగి తిరిగి కాళ్లు గుంజుతున్నయని ఒక కేటరింగాయన వచ్చి ఆడ నిలబడి నవ్వుతాండు. ఫ్రేమ్ సక్కగున్నది. విజేందర్‌కు ఫికర్ లేకుంట పోయింది.

నిన్ననే ఆల్బం వచ్చింది. అందరి పక్కన పెండ్లికొడుకు బాపు జాగల గా కేటరింగాయననే ఉన్నడు. మా అక్క జూసి, "మనిషి మంచిగ నవ్విండు తమ్మీ, మీ బావకు గట్ల నవ్వొస్తదా?" అని సంతోషపడ్డది.

ఇప్పుడు చెప్పుండ్రి, టెయిల్ కోటు వరమా కాదా?

గా దినం బావ పంచె మీద, రుమాలు మీద ఉంటె ఏమైతుండె? సూపర్‌వైజర్ గుర్తు పడ్తుండె. "అయ్యో, మీరెందుకు సార్, మీరు నిలబడుండ్రి" అని తీస్కపోయి మార్కు మీదనే పెడ్తుండె. బావ అందర్ని జూసి నవ్వుతుండె, ఎవల కడుపు నిండిందో తెల్వకుంట ఇంటికి పోతుండె.

గందుకే నా డిమాండ్. ఇగ మీద పిల్లగాని బాపుకు, పిల్ల బాపుకు టెయిల్ కోటు ఖాయం చెయ్యాలె. నల్ల బోతోని! తల్లులకు గూడ ఏదన్న యూనిఫాం జూడుండ్రి. ఎందుకంటె మనం పిలిచిన సుట్టాన్ని "తిన్నవా" అని అడగనీకె ఇయ్యాల రేపు కేటరింగోళ్లకే పర్మిషన్ ఉన్నది. ఇంటోళ్లకు నిలబడే పర్మిషనే.

అట్ల గాదు, ఇంటాయన తన బట్టలల్లనే ఉండి, తన సుట్టానికి తన చేత్తోని ఇంత బువ్వ పెట్టనిచ్చే ఫంక్షన్ హాలు ఎక్కడన్న ఉంటె జర నాకు చెప్పుండ్రి. గీ తోకలు రెండూ కోసి పారేసి, ఉన్నపళంగ వస్త.

నిజం చెప్పాల్నంటె, మస్తు ఉక్కపోస్తాంది.